డీకోడర్ డ్రైవర్ చెప్పే ఎర్రర్లు, అసలు రాని ఫ్రేములు: యాప్‌లో ఎలా పట్టుకోవాలి

లైనక్స్‌లో హార్డ్‌వేర్ డీకోడర్‌తో, అంటే కంప్రెస్ అయిన వీడియోని బొమ్మలుగా విప్పే చిప్‌తో, వీడియో ప్లే చేసే కోడ్ రాసేటప్పుడు మంచి ఫైల్ ఇచ్చినంతసేపు ఏ గొడవా ఉండదు, అన్నీ సాఫీగా పోతుంటాయి. ఒకరోజు నెట్‌వర్క్‌లో నాలుగు ప్యాకెట్లు పోయిన స్ట్రీమ్ వచ్చి పడుతుంది, ఇక చూస్కోండి, స్క్రీన్ సగం ఆకుపచ్చ, ఆడియో ఒకచోట వీడియో ఇంకోచోట, మెమరీ మెల్లగా పెరుగుతూనే ఉంటుంది, పోనీ లాగ్ చూద్దామంటే అందులో ఒక్క ఎర్రర్ కూడా ఉండదు. ఇలాంటప్పుడు అందరం ముందు డ్రైవర్‌నే తిడతాం. కానీ నేను చూసినంతవరకు చాలాసార్లు డ్రైవర్ చెప్పాల్సింది చెప్పే ఉంటుంది, మన యాప్ దాన్ని చదవకుండా వదిలేసి ఉంటుంది.

ఇక్కడ వీఫోర్‌ఎల్‌టూ గురించే ఎక్కువ చెప్తాను, అంటే లైనక్స్ కెర్నల్‌లో వీడియో డివైస్‌ల కోసం ఉన్న ఇంటర్‌ఫేస్. మిగతా ఏపీఐల్లో ఇదే సమాచారం ఎక్కడ దొరుకుతుందో తర్వాత టూకీగా చెప్తా. ఒక్క విషయం మాత్రం మొదట్నుంచీ గుర్తుంచుకోండి. ఫ్రేమ్ పాడై రావడం వేరు, ఫ్రేమ్ అసలు రాకపోవడం వేరు. మొదటిదాన్ని డ్రైవర్ ఫ్లాగ్ అనే గుర్తు పెట్టి చెప్తుంది, రెండోదాన్ని చాలాసార్లు ఎవరూ చెప్పరు, మనమే లెక్క రాసుకుని పట్టుకోవాలి. ఈ రెండింటినీ ఒకే కౌంటర్‌లో కలిపేస్తే ఏ బగ్ ఎక్కడుందో ఎప్పటికీ తేలదు.

స్టెప్ 1: ఒకటి ఇస్తే ఒకటి వస్తుందన్న ఆశ వదిలేయండి

డీకోడర్‌కి రెండు క్యూలుంటాయి, బఫర్లు అనే మెమరీ ముక్కల్లో డేటా వీటి ద్వారానే అటూ ఇటూ తిరుగుతుంది. వాటి పేర్లు మొదట్లో అందర్నీ తికమక పెడతాయి. అవుట్‌పుట్ క్యూ అంటే మనం కంప్రెస్ అయిన డేటా వేసేది, క్యాప్చర్ క్యూ అంటే డీకోడ్ అయిన బొమ్మ తీసుకునేది. యాప్ నుంచి బయటికి పోయేది కాబట్టి అవుట్‌పుట్, యాప్ పట్టుకునేది కాబట్టి క్యాప్చర్, ఇలా గుర్తుపెట్టుకుంటే మర్చిపోరు.

ఈ రెండు క్యూల మధ్య సంఖ్య కుదరాలని రూలేం లేదు. హెచ్.264 అనే వీడియో ఫార్మాట్‌లో ఎస్‌పీఎస్, పీపీఎస్ హెడర్లు, అంటే వీడియో సెట్టింగులు, మాత్రమే ఉన్న బఫర్ వేస్తే ఏ ఫ్రేమూ రాదు. ఇంటర్‌లేస్డ్ వీడియోలో, అంటే ఒక్కో ఫ్రేమ్‌ని సరి, బేసి గీతలుగా రెండు ఫీల్డులు చేసిన వీడియోలో, పై ఫీల్డ్ ఒక బఫర్‌లో, కింది ఫీల్డ్ ఇంకో బఫర్‌లో వేస్తే రెండూ కలిసి ఒకే ఫ్రేమ్‌గా రావొచ్చు. వీపీ8 ఫార్మాట్‌లో ఆల్ట్‌రెఫ్ ఫ్రేమ్ అని ఉంటుంది, దాన్ని రిఫరెన్స్ కోసం, అంటే వేరే ఫ్రేములు కట్టడానికి ఆధారంగా, డీకోడ్ చేసి దాచుకోవాలి అంతే, స్క్రీన్ మీద చూపించకూడదు, కానీ ఫైల్‌లో మాత్రం తనకంటూ ఒక ప్యాకెట్ ఉంటుంది. హెచ్ఈవీసీ ఫార్మాట్‌లో సీఆర్ఏ ఫ్రేమ్ (మధ్యలోంచి ప్లే మొదలుపెట్టడానికి వీలైన ఫ్రేమ్) దగ్గర మొదలుపెడితే, దాని వెనకొచ్చినా దానికి ముందరి ఫ్రేముల మీద ఆధారపడే రాసెల్ ఫ్రేములకి కావాల్సిన రిఫరెన్సులు ఉండవు కాబట్టి డీకోడర్ వాటిని పక్కన పడేస్తుంది, స్టాండర్డ్ చెప్పేదీ అదే. ఇవేవీ ఎర్రర్లు కావు, అన్నీ సక్రమంగా జరిగినట్టే లెక్క.

నేను మొదట రాసిన ప్లేయర్‌లో ఇన్‌పుట్ టైమ్‌లన్నీ ఒక క్యూలో పెట్టి, ఫ్రేమ్ బయటికొచ్చినప్పుడల్లా ముందున్న టైమ్ తీసి దానికి అంటించేవాణ్ణి. హెచ్.264 టెస్ట్ ఫైళ్లలో బీ ఫ్రేములు, అంటే తర్వాత చూపించే ఫ్రేమ్ మీద కూడా ఆధారపడి వరుస మారే ఫ్రేములు, లేవు కాబట్టి బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత వీపీ8 ఫైల్ పెడితే మొదటి నిమిషం బానే ఉండి, పోనుపోను పెదాలు ముందు కదిలి మాట తర్వాత వినపడటం మొదలైంది. ఒక్కో ఆల్ట్‌రెఫ్ ప్యాకెట్ దాటినప్పుడల్లా వీడియో ఒక ఫ్రేమ్ ముందుకి జరిగిపోతోందన్నమాట. నేనేమో రెండ్రోజులు ఆడియో కోడ్‌లో వెతికా. చివరికి వేసిన ప్యాకెట్ల సంఖ్య, వచ్చిన ఫ్రేముల సంఖ్య పక్కపక్కన ప్రింట్ చేస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

స్టెప్ 2: ప్రతి ప్యాకెట్‌కీ ఒక పద్దు రాయండి

వీఫోర్‌ఎల్‌టూలో మనకి చేతికందే ఆధారం టైమ్‌స్టాంప్ ఫీల్డ్. అవుట్‌పుట్ బఫర్ మీద మనం ఏ టైమ్‌స్టాంప్ పెడితే దాన్నుంచి పుట్టిన క్యాప్చర్ బఫర్ మీద డ్రైవర్ అదే కాపీ చేసి ఇస్తుంది. డీకోడర్ దాన్ని గడియారం లాగా చూడదు, అందులో అర్థం వెతకదు, ఉన్నది ఉన్నట్టు తిరిగిస్తుంది. కాబట్టి అందులో అసలు ప్రెజెంటేషన్ టైమ్, అంటే ఫ్రేమ్‌ని చూపించాల్సిన టైమ్, పెట్టాల్సిన పనిలేదు, మన సొంత నంబర్ పెట్టుకోవచ్చు, నేనైతే ఎప్పుడూ అలాగే చేస్తా.

సెకన్ల ఫీల్డ్‌లో ఒకటొకటిగా పెరిగే నంబర్ పెట్టండి, మైక్రోసెకన్ల ఫీల్డ్ సున్నా ఉంచండి. మైక్రోసెకన్లలో పెద్ద నంబర్ పెడితే ఏమవుతుందంటే కెర్నల్ లోపల ఈ రెండింటినీ కలిపి నానోసెకన్లుగా మార్చి, తిరిగిచ్చేటప్పుడు మళ్లీ విడగొడుతుంది, అంటే 10,00,000 దాటిన మైక్రోసెకన్లు సెకన్లలోకి పోయి మీరు పెట్టిన రూపంలో తిరిగి రావు, మీ టేబుల్‌లో వెతికితే దొరకదు. చిన్న విషయమే కానీ దీనివల్ల ఒక సాయంత్రం మొత్తం పోతుంది.

ఇక మీ వైపు ఒక టేబుల్ పెట్టుకోండి. ఒక్కో పద్దులో ఆ నంబర్, అసలు ప్రెజెంటేషన్ టైమ్, కీఫ్రేమా (వేరే ఫ్రేమ్ సాయం లేకుండా డీకోడ్ అయ్యేదా) కాదా, ఎప్పుడు క్యూలో వేశారు, ఏ సీక్ (వీడియోలో వేరే చోటికి దూకడం) తర్వాతది, ఇంతే. ఫ్రేమ్ వచ్చినప్పుడు నంబర్‌తో పద్దు వెతికి టైమ్ తీసుకుని పద్దు కొట్టేయండి. ఒకే అవుట్‌పుట్ బఫర్ నుంచి రెండు ఫ్రేములొస్తే రెండింటి మీదా ఒకే నంబర్ ఉంటుంది, కాబట్టి కొట్టేసిన పద్దుని వెంటనే మెమరీలోంచి తీసేయకుండా కాసేపు అలాగే ఉంచండి. రెండు బఫర్లు కలిసి ఒక ఫ్రేమ్ అయితే ముందు వేసినదాని నంబర్ వస్తుంది, రెండోదాని పద్దు అలాగే మిగిలిపోతుంది. బీ ఫ్రేములుంటే నంబర్లు వరుస తప్పి వస్తాయి, అది మామూలే, కంగారు పడొద్దు.

ఇంకోటి, హెచ్.264కి ఒక్కో బఫర్‌లో ఒక్కో యాక్సెస్ యూనిట్, అంటే ఒక బొమ్మకి సంబంధించిన డేటా మొత్తం, పూర్తిగా ఇవ్వాలి, సగం సగం కోసి ఇవ్వకూడదు. డ్రైవర్ ఫార్మాట్ లిస్ట్‌లో కంటిన్యువస్ బైట్‌స్ట్రీమ్ అనే ఫ్లాగ్ పెడితే మాత్రం ఎలా కోసి ఇచ్చినా తీసుకుంటుంది. కానీ అలా ఇష్టమొచ్చినట్టు కోస్తే మీ పద్దులకి అర్థం ఉండదు, అందుకే ఫ్లాగ్ ఉన్నా నేను యాక్సెస్ యూనిట్‌గానే ఇస్తా.

స్టెప్ 3: బఫర్ చేతికొచ్చాక ఏది ముందు చూడాలో ఆ వరుసలోనే చూడండి

అసలు పట్టు ఇక్కడే ఉంది. చాలా యాప్‌లు డీక్యూబఫ్ కాల్ (క్యూలోంచి బఫర్ తీసుకునే కాల్) సున్నా రిటర్న్ చేస్తే ఫ్రేమ్ బాగుందని అనుకుంటాయి, మైనస్ వస్తే స్ట్రీమ్ చచ్చిపోయిందని అనుకుంటాయి. రెండూ తప్పే. సున్నా అంటే బఫర్ మీ చేతికి వచ్చింది అని మాత్రమే, లోపల ఏముందో ఫ్లాగులు చూస్తేనే తెలుస్తుంది.

కాల్ ఫెయిలైతే ముందు ఎర్రర్ కోడ్ చూడండి. ఈఎగైన్ అంటే నాన్‌బ్లాకింగ్‌లో (కాల్ ఆగి ఎదురుచూడని పద్ధతిలో) ఇప్పటికి ఏమీ రెడీగా లేదు, తర్వాత రండి అని. ఈపైప్ అంటే చివరి బఫర్ ఇదివరకే తీసుకున్నారు, ఇక కొత్తవి రావు అని, ఇది ఎర్రర్ కానే కాదు, ఫైల్ అయిపోయిందనో, రెజల్యూషన్ మారే ముందు పాత ఫ్రేములన్నీ అయిపోయాయనో అర్థం. ఈఐఓ ఒక్కటే నిజంగా భయపడాల్సింది, దానికి స్టెప్ 6 ఉంది.

కాల్ సక్సెస్ అయితే మొదట లాస్ట్ ఫ్లాగ్ చూడండి. ఎందుకు మొదటే అంటే, చివర్లో ఇవ్వడానికి ఫ్రేమ్ ఏదీ మిగలకపోతే డ్రైవర్ ఖాళీ బఫర్‌కే లాస్ట్ ఫ్లాగ్ పెట్టి ఇస్తుంది. మీరు ముందు సైజ్ చూస్తే ఇది స్కిప్ అయిన ఫ్రేమ్ అని రాసేసుకుని ఎండ్ ఆఫ్ స్ట్రీమ్‌ని మిస్ అవుతారు, యాప్ అక్కడే కూర్చుని రాని ఫ్రేమ్ కోసం ఎదురుచూస్తుంది. లాస్ట్ చూశాక ఎర్రర్ ఫ్లాగ్, ఆ తర్వాత బైట్స్‌యూజ్డ్, అంటే బఫర్‌లో ఉన్న డేటా సైజ్.

బైట్స్‌యూజ్డ్ దగ్గర కూడా ఒక గుంట ఉంది. మల్టీప్లేనార్ ఏపీఐ (బొమ్మని ప్లేన్లు అనే భాగాలుగా ఇచ్చేది) వాడుతుంటే సైజ్ ఒక్కో ప్లేన్ స్ట్రక్చర్ లోపల ఉంటుంది, పైన బఫర్ స్ట్రక్చర్‌లో అదే పేరుతో ఉన్న ఫీల్డ్ ఈ ఏపీఐకి కాదు. అది చదివి "ఫ్రేములన్నీ ఖాళీగా వస్తున్నాయి" అని డ్రైవర్ మీద బగ్ రాస్తే అవతలివాళ్ల టైమ్ కూడా వేస్ట్.

పోల్, అంటే బఫర్ ఏదైనా రెడీ అయ్యిందా అని కెర్నల్‌ని అడిగే కాల్, దాని గురించి ఒక మాట. పోల్‌లో ఎర్రర్ బిట్ వచ్చిందంటే హార్డ్‌వేర్ పోయిందని అర్థం కాదు. రెండు క్యూల్లోనూ ఒక్క బఫర్ కూడా లేకుండా పోల్ కొట్టినా, స్ట్రీమింగ్ ఆన్ చేయకముందే కొట్టినా అదే బిట్ వస్తుంది. ముందు మీ బఫర్లన్నీ మీ దగ్గరే ఇరుక్కుపోయాయేమో చూసుకోండి, డిస్‌ప్లే వైపు పట్టుకుని తిరిగివ్వని బఫర్లే చాలాసార్లు కారణం.

ఒక లాగ్ దగ్గరగా చూద్దాం. 1920 బై 1080 హెచ్.264 వీడియో, ఎన్వీ12 ఫార్మాట్ (పిక్సెల్‌కి ఒకటిన్నర బైట్లు), ఎత్తుని 16 గుణిజానికి సర్దితే 1088 అవుతుంది కాబట్టి నిండు ఫ్రేమ్ సైజ్ 31,33,440 బైట్లు. మీరు 100 నుంచి 106 వరకు నంబర్లు వేసి ఏడు బఫర్లు ఇచ్చారు. తిరిగొచ్చినవి ఇలా ఉన్నాయి:

నంబర్ 100, సైజ్ 31,33,440, ఎర్రర్ లేదు
నంబర్ 102, సైజ్ 31,33,440, ఎర్రర్ లేదు
నంబర్ 101, సైజ్ 31,33,440, ఎర్రర్ లేదు
నంబర్ 103, సైజ్ 31,33,440, ఎర్రర్ ఉంది
నంబర్ 104, సైజ్ 0, ఎర్రర్ ఉంది
నంబర్ 106, సైజ్ 31,33,440, ఎర్రర్ లేదు

102 ముందొచ్చి 101 తర్వాత వచ్చిందంటే 102 బీ ఫ్రేమ్, ఏం సమస్య లేదు. 103 డీకోడ్ అయింది కానీ లోపల డేటా పాడై ఉండొచ్చు, బొమ్మ ఉంది, చూపించాలా వద్దా మీ ఇష్టం. 104 దగ్గర డ్రైవర్ బొమ్మ ఇవ్వలేకపోయింది, కానీ మర్యాదగా ఆ నంబర్ వేసి ఖాళీ బఫర్ తిరిగిచ్చింది, అంటే ఇక దీనికోసం ఎదురుచూడకండి అని చెప్పినట్టు. 105 గురించి ఎవరూ ఏమీ అనలేదు. అది హెడర్లు మాత్రమే ఉన్న బఫర్ కావొచ్చు, డీకోడర్ మింగేసిన ఫ్రేమ్ కావొచ్చు. ఇక 106, ఫ్లాగ్ లేదు కదా బాగుంది అనుకుంటాం, దాని సంగతి కింద చెప్తా, అన్నిటికన్నా మోసం చేసేది అదే.

స్టెప్ 4: ఎర్రర్ ఫ్లాగ్‌తో వచ్చిన ఫ్రేమ్‌ని ఏం చేయాలి

ఎర్రర్ ఫ్లాగ్‌కి అసలు అర్థం ఏంటంటే, బఫర్ సరిగ్గానే తిరిగొచ్చింది, డేటా మాత్రం కరప్ట్ అయి ఉండొచ్చు, స్ట్రీమింగ్ ఎప్పట్లాగే కొనసాగించొచ్చు, ఈ బఫర్‌ని మళ్లీ వాడుకోవచ్చు. కాబట్టి ప్లేయర్ ఆపేయకండి, స్ట్రీమ్‌ఆఫ్ (క్యూని ఆపేసే కాల్) కొట్టకండి, బఫర్‌ని మళ్లీ క్యూలో వేయడం మర్చిపోకండి. ఎర్రర్ బ్రాంచ్‌లోంచి తొందరగా రిటర్న్ అయిపోయి బఫర్ తిరిగివ్వని కోడ్ నేను చాలాచోట్ల చూశా, పది ఎర్రర్లయ్యేసరికి పది బఫర్లూ అయిపోయి డీకోడర్ ఆగిపోతుంది, అప్పుడు డ్రైవర్ హ్యాంగ్ అయిందంటారు.

అవుట్‌పుట్ వైపు కూడా ఈ ఫ్లాగ్ చూడండి. ఏ ఇన్‌పుట్ వల్ల ఎర్రర్ వచ్చిందో కచ్చితంగా చెప్పగలిగిన డ్రైవర్ ఆ అవుట్‌పుట్ బఫర్ మీద కూడా ఎర్రర్ ఫ్లాగ్ పెట్టి తిరిగిస్తుంది. అన్ని డ్రైవర్లూ చెప్పలేవు, కానీ చెప్పినప్పుడు పద్దులో రాసుకుంటే తర్వాత ఏ ప్యాకెట్ పాడైందో వెతుక్కునే పని తప్పుతుంది.

ఇప్పుడు ఆ 106 సంగతి. స్టేట్‌ఫుల్ డీకోడర్‌లో, అంటే బిట్‌స్ట్రీమ్ పార్సింగ్ అంతా తనే చూసుకునే డీకోడర్‌లో, ఫ్లాగ్ పాడైన ఫ్రేమ్ మీద మాత్రమే వచ్చి ఆగిపోవచ్చు. 106లో బిట్లు శుభ్రంగా ఉన్నాయి, డీకోడర్‌కి సింటాక్స్ తప్పేం కనపడలేదు, కానీ అది రిఫరెన్స్‌గా తీసుకుంది పాడైన 103ని. బొమ్మలో చెత్త అలాగే ఉంటుంది, ఫ్లాగ్ మాత్రం ఉండదు. అందుకే యాప్‌లో మీరే ఒక మచ్చ గుర్తు పెట్టుకోవాలి, ఎర్రర్ ఫ్రేమ్ వచ్చిన దగ్గర్నుంచి తర్వాతి ఐడీఆర్ (పాత ఫ్రేములతో సంబంధం తెంచేసే కీఫ్రేమ్) వరకు వచ్చేవన్నీ అనుమానం ఫ్రేములే. స్టేట్‌లెస్ డీకోడర్లకి, అంటే పార్సింగ్ యాప్‌కే వదిలేసేవాటికి, రూల్ కొంచెం గట్టిగా ఉంది, అక్కడ పాడైన ఫ్రేమ్‌ని రిఫరెన్స్‌గా వాడుకున్న వాటిమీద కూడా ఎర్రర్ ఫ్లాగ్ రావాలి, డీకోడ్ చేయడం మాత్రం ఆగదు.

అనుమానం ఫ్రేముల్ని చూపించాలా, చివరి మంచి ఫ్రేమ్‌ని పట్టుకుని నిలబెట్టాలా అన్నది వాడకాన్ని బట్టి ఉంటుంది. సినిమా ప్లేయర్ అయితే కీఫ్రేమ్ తొందరగానే వస్తుంది, నేనైతే నిలబెట్టేస్తా. వీడియో కాల్‌లో అలా చేస్తే అవతలి మనిషి బిగుసుకుపోయినట్టు కనపడుతుంది, అక్కడ చెత్తగా ఉన్నా కదిలే బొమ్మే మేలు, దానితోపాటు అవతలి ఎన్‌కోడర్‌ని కీఫ్రేమ్ అడగాలి. ఇంకొన్ని స్ట్రీముల్లో కీఫ్రేములే ఉండవు, ఇంట్రా రిఫ్రెష్ అని ఒక్కో ఫ్రేమ్‌లో కొంత కొంత భాగం మాత్రం కొత్తగా పంపుతూ పోతారు, అక్కడ మీరు ఐడీఆర్ కోసం కూర్చుంటే అది ఎప్పటికీ రాదు, స్క్రీన్ అలా ఫ్రీజ్ అయిపోతుంది. కాబట్టి నిలబెట్టడానికి ఒక టైమ్ లిమిట్ పెట్టండి, రికవరీ పాయింట్ ఎస్ఈఐ (ఎక్కడినుంచి బొమ్మ మళ్లీ బాగుంటుందో స్ట్రీమ్‌లోనే చెప్పే సందేశం) ఉంటే అది చదివి అక్కడిదాకా ఆగండి.

స్టెప్ 5: రాని ఫ్రేమ్ ఇక రాదని ఎలా తేల్చాలి

మెమరీ పెరిగిపోయే సమస్యకి మూలం ఇక్కడుంది. పద్దు రాసుకున్నాం, ఫ్రేమ్ రాలేదు, పద్దు అలాగే ఉండిపోయింది, గంట వీడియో ఆడితే వేలకొద్దీ పద్దులు. టైమ్ చూసి కొట్టేద్దాం అనుకుంటారు కొందరు, సెకను దాటితే రాదు అని, కానీ యాప్ పాజ్ చేస్తే ఆ లెక్క మొత్తం తలకిందులవుతుంది.

నాకు బాగా పనిచేసిన పద్ధతి ఇది. డీకోడర్ ఫ్రేముల్ని డిస్‌ప్లే వరుసలో ఇస్తుంది కదా, కాబట్టి ప్రెజెంటేషన్ టైమ్ 5 సెకన్లున్న ఫ్రేమ్ బయటికొచ్చిందంటే అంతకన్నా తక్కువ టైమ్ ఉండి ఇంకా రాని పద్దులేవీ ఇక రావు. అక్కడికక్కడే వాటిని "రాలేదు" అని గుర్తుపెట్టి తీసేయండి. పై లాగ్‌లో 106 రాగానే 105 అలా తేలిపోతుంది.

ఫైల్‌లో ప్రెజెంటేషన్ టైమ్‌లే తప్పుగా ఉంటే ఇది బోల్తా కొడుతుంది, పాత ఏవీఐ ఫైళ్లలో బొత్తిగా ప్రెజెంటేషన్ టైమే ఉండదు. అప్పటికి రెండో కాపలా ఒకటి పెట్టండి. హెచ్.264లోనూ హెచ్ఈవీసీలోనూ రీఆర్డర్ కోసం, అంటే డిస్‌ప్లే వరుసలోకి సర్దడానికి, 16కి మించి ఫ్రేములు దాచుకునే పని ఉండదు, దానికి మీరు అవుట్‌పుట్ క్యూలో వేసిన బఫర్ల సంఖ్య, క్యాప్చర్ బఫర్ల సంఖ్య కలపండి, బయటికొచ్చిన ఫ్రేమ్ నంబర్ కన్నా అంతకు మించి వెనకబడిన పద్దు ఇక రాదని తీసేయొచ్చు. పెద్ద లిమిట్ పెట్టినా నష్టం లేదు, అసలు లిమిట్ లేకపోవడమే నష్టం.

బఫర్ మీదుండే సీక్వెన్స్ ఫీల్డ్, అంటే ఫ్రేముల వరుస సంఖ్య, చూస్తే సరిపోదా అని అడుగుతారు. కెమెరాలకైతే అది బాగా పనికొస్తుంది, బఫర్ లేక పడిపోయిన ఫ్రేములు కూడా ఆ కౌంట్‌లో ఉంటాయి కాబట్టి మధ్యలో గ్యాప్ వస్తే డ్రాప్ అయినట్టే. డీకోడర్‌లో దాని మీద ఆధారపడొద్దు, డీకోడర్ తను ఇచ్చిన ఫ్రేముల్నే ఒకటొకటిగా లెక్కేస్తే గ్యాప్ అనేది కనపడనే కనపడదు.

స్టెప్ 6: ఈఐఓ వస్తే

ఇది డీకోడింగ్ ఇక ముందుకి పోదు అని చెప్పే ఎర్రర్. హార్డ్‌వేర్ బిగుసుకుపోయి ఉండొచ్చు, ఫర్మ్‌వేర్ క్రాష్ అయి ఉండొచ్చు, ఇక ఆ ఇన్‌స్టెన్స్ మీద ఏ కాల్ చేసినా ఈఐఓనే వస్తుంది. లూప్‌లో పెట్టి మళ్లీ మళ్లీ డీక్యూబఫ్ కొడితే సీపీయూ కాలడం తప్ప ఏం లాభం లేదు. రెండు దారులున్నాయి, ఫైల్ హ్యాండిల్ మూసేసి కొత్తగా తెరవడం ఒకటి, లేదంటే రెండు క్యూల మీదా స్ట్రీమ్‌ఆఫ్ కొట్టి, బఫర్లన్నీ వదిలేసి, మొదట్నుంచి ఇనిషియలైజ్ చేయడం. నేను మూసి తెరవడమే ఎంచుకుంటా, సగం పాడైన స్టేట్ ఏదీ మిగలకుండా పోతుంది.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు తర్వాతి కీఫ్రేమ్ నుంచి ఇవ్వండి, పాడైన చోటు నుంచే మళ్లీ ఇస్తే అదే ప్యాకెట్ మళ్లీ పడగొడుతుంది. ఎన్నిసార్లు రీస్టార్ట్ అయిందో లెక్క ఉంచుకోండి, వరుసగా రెండు మూడుసార్లు పడిపోతే సాఫ్ట్‌వేర్ డీకోడర్‌కి మారిపోండి.

స్టెప్ 7: సీక్ చేసినప్పుడు పాత పద్దులు

సీక్ అంటే అవుట్‌పుట్ క్యూ మీద స్ట్రీమ్‌ఆఫ్, మళ్లీ స్ట్రీమ్‌ఆన్. స్ట్రీమ్‌ఆఫ్ కొట్టగానే క్యూలో ఉన్న బఫర్లన్నీ డీక్యూ చేయకుండానే మీవి అయిపోతాయి, వాటి పద్దులు ఎర్రర్లూ కావు, రాని ఫ్రేములూ కావు, మీరే రద్దు చేసినవి. కానీ క్యాప్చర్ వైపు స్ట్రీమింగ్ ఆగలేదు కాబట్టి సీక్‌కి ముందరి ఫ్రేములు కొన్ని తర్వాత కూడా రావొచ్చు. పద్దులో ఏ సీక్ తర్వాతదో రాసుకోమన్నది ఇందుకే, పాత తరం ఫ్రేమ్ వస్తే చూపించకుండా బఫర్ తిరిగిచ్చేయండి. నంబర్‌ని మాత్రం సీక్ తర్వాత సున్నా నుంచి మొదలుపెట్టకండి, పాతదీ కొత్తదీ కలిసిపోతాయి.

మీరు డ్రైవర్ వైపు ఉంటే

ఇదే కథ అటునుంచి. ఫ్రేమ్ పాడైతే క్యాప్చర్ బఫర్‌ని వీబీటూ (కెర్నల్‌లో బఫర్లు చూసుకునే కోడ్) ఎర్రర్ స్టేట్‌తో డన్ చేయండి, టైమ్‌స్టాంప్ కాపీ చేయడం మర్చిపోకండి, ఎర్రర్ పాత్‌లో ఇది వదిలేసిన డ్రైవర్లున్నాయి, అప్పుడు యాప్‌కి సున్నా నంబర్‌తో అనాథ ఫ్రేమ్ వస్తుంది. బొమ్మ లేకపోతే పేలోడ్ (డేటా సైజ్) సున్నా పెట్టండి, పాత డేటా సైజ్ అలాగే వదిలేస్తే యాప్ ముందటి ఫ్రేమ్‌ని మళ్లీ చూపిస్తుంది. చూపించకూడని ఫ్రేమ్ అయితే అవుట్‌పుట్ బఫర్‌ని మామూలుగా డన్ చేసి క్యాప్చర్ బఫర్‌ని మీ దగ్గరే ఉంచుకోండి, అది ఎర్రర్ కాదు కాబట్టి ఫ్లాగ్ పెట్టొద్దు. క్యూ మొత్తాన్ని ఎర్రర్‌లో పెట్టే కాల్ ఉంది, అది యాప్‌కి ఈఐఓగా కనపడుతుంది, ఒక్క పాడైన స్లైస్ (ఫ్రేమ్‌లో ఒక ముక్క) కోసం దాన్ని వాడకండి. ఫ్రేమ్‌కో ఎర్రర్ లైన్ కెర్నల్ లాగ్‌లోకి కొట్టడం కూడా వద్దు, పాడైన స్ట్రీమ్ ఒకటి వస్తే లాగ్ మొత్తం అదే నిండిపోతుంది.

వేరే ఏపీఐలు వాడేవాళ్లకి

ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీ ద్వారా వాడితే డ్రైవర్ ఎర్రర్ ఫ్లాగ్ పెట్టినప్పుడు లాగ్‌లో డ్రైవర్ డీకోడ్ ఎర్రర్ అనే లైన్ వస్తుంది, ఫ్రేమ్‌లో డీకోడ్ ఎర్రర్ ఫ్లాగ్స్ ఫీల్డ్‌లో ఇన్‌వాలిడ్ బిట్‌స్ట్రీమ్ బిట్ పడుతుంది, అది చదవండి. జీస్ట్రీమర్ లైబ్రరీలో బఫర్ మీద కరప్టెడ్ ఫ్లాగ్ చూడాలి. వీఏ ఏపీఐలో సర్ఫేస్ (డీకోడ్ అయిన బొమ్మ ఉండే మెమరీ) సింక్ చేసినప్పుడు డీకోడింగ్ ఎర్రర్ స్టేటస్ వస్తే సర్ఫేస్ ఎర్రర్ క్వెరీ చేసి ఏ మాక్రోబ్లాక్ (బొమ్మలో చిన్న చదరం) నుంచి ఏ మాక్రోబ్లాక్ వరకు పాడైందో కూడా తెలుసుకోవచ్చు, ఇంత వివరం వీఫోర్‌ఎల్‌టూ ఇవ్వదు. ఎన్విడియా వాళ్ల ఎన్వీడెక్‌లో డీకోడ్ స్టేటస్ అడిగితే ఎర్రర్ వేరుగా, ఎర్రర్ వచ్చి కప్పిపుచ్చింది వేరుగా చెప్తుంది, ఆ తేడా నాకు చాలా నచ్చింది. ఆండ్రాయిడ్ మీడియాకోడెక్‌లో ఎక్సెప్షన్ వస్తే ట్రాన్సియంటా రికవరబులా అని రెండు ప్రశ్నలు అడగొచ్చు, ట్రాన్సియంట్ అయితే కాసేపాగి అదే కాల్ మళ్లీ చేయడం, రికవరబుల్ అయితే ఆపి మళ్లీ కాన్ఫిగర్ చేసి మొదలుపెట్టడం, రెండూ కాకపోతే కోడెక్‌ని వదిలేయడం.

స్టెప్ 8: పాడు చేసి చూడండి

మంచి ఫైళ్లతో టెస్ట్ చేసిన ఎర్రర్ కోడ్ అసలు రన్ అవ్వని కోడ్. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో నాయిస్ అనే బిట్‌స్ట్రీమ్ ఫిల్టర్ ఉంది, ఒరిజినల్ ఫైల్ తీసుకుని ప్యాకెట్లలో అక్కడక్కడా బైట్లు మార్చేస్తుంది, కావాలంటే ప్యాకెట్లనే పడేస్తుంది. ఈ రెండూ విడివిడిగా చేయండి, బైట్లు మారితే ఎర్రర్ ఫ్లాగులు పెరగాలి, ప్యాకెట్లు పోతే రిఫరెన్స్ లేని ఫ్రేములొస్తాయి, వాటిని ఒక్కో డ్రైవర్ ఒక్కోలా చూస్తుంది, మీ బోర్డు మీద ఏం చేస్తుందో కళ్లారా చూసి రాసుకోండి. చేతిలో బోర్డు లేకపోతే కెర్నల్‌లోనే వికోడెక్ అనే వర్చువల్ డ్రైవర్ ఉంది, క్యూల లాజిక్, లాస్ట్ ఫ్లాగ్, డ్రెయిన్ (చివర్లో మిగిలిన ఫ్రేములన్నీ బయటికి తీయడం) ఇవన్నీ దాంతో చూసుకోవచ్చు.

డ్రైవర్ నిజంగా ఏం ఇచ్చిందో కెర్నల్ వైపు నుంచి చూడాలంటే సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ వివరాలు ఫైళ్లుగా కనపడే చోట) ఆ వీడియో నోడ్ కింద డెవ్ డీబగ్ అనే ఫైల్ ఉంటుంది, అందులో 11 రాస్తే కాల్స్, వాటి ఆర్గ్యుమెంట్లు, క్యూబఫ్ డీక్యూబఫ్‌లు అన్నీ కెర్నల్ లాగ్‌లో కనపడతాయి. 3 మాత్రమే రాస్తే మిగతావన్నీ కనపడి క్యూబఫ్ డీక్యూబఫ్‌లు కనపడవు, వాటికి 8 అనే బిట్ కూడా కలపాలి, ఇది తెలియక మన కోడ్ డీక్యూ చేయట్లేదేమో అని అనుమానపడతాం.

చివర్లో ఫైల్ అయిపోయి లాస్ట్ బఫర్ వచ్చాక యాప్ ఒక లైన్ ప్రింట్ చేసేలా పెట్టండి. బాగా వచ్చినవి ఎన్ని, ఎర్రర్ ఫ్లాగ్‌తో బొమ్మ ఉన్నవి ఎన్ని, ఎర్రర్ ఫ్లాగ్‌తో ఖాళీవి ఎన్ని, రానివి ఎన్ని, సీక్ వల్ల రద్దయినవి ఎన్ని. ఈ ఐదూ కలిపితే మీరు క్యూలో వేసిన బఫర్ల సంఖ్యకి సరిగ్గా సమానం కావాలి, ఒక పద్దుకి రెండు ఫ్రేములొస్తే మొదటిదే లెక్కేయండి. ఒక్కటి తేడా వచ్చినా ఎక్కడో ఒక బ్రాంచ్ పద్దు కొట్టేయకుండా బయటికి పోతోందని అర్థం, ముందు అది వెతికి సరిచేశాకే డ్రైవర్ మీద బగ్ రాయండి, రాసేటప్పుడు ఈ లైన్, పైన చూపించినలాంటి నంబర్లు, సైజులు, ఫ్లాగుల లాగ్ జత చేయండి.